లెక్కలోకి రాని చిలుక

అనగనగా అన్నాను, ఊఁ కొట్టండర్రా. కొట్టకపోతే నేను చెప్పను, మూతి ముడుచుకుని కూర్చుంటాను. ఆఁ, అలాగ!

మేఘవరం అని ఒక రాజ్యం. దాన్ని ఏలే రాజుగారు ధర్మకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతుడు, కత్తి పట్టాడంటే ఎదుటివాడు చెప్పులు వదిలేసి పరుగో పరుగు. రెండోవాడు చంద్రకేతుడు, గుర్రం ఎక్కాడంటే అన్నానికి పిలిచినా దిగడు. మూడోవాడు మీనకేతుడు. వీడికి కత్తీ అబ్బలేదు, గుర్రమూ అబ్బలేదు. మరేం అబ్బింది? అనుమానం అబ్బింది.

అబ్బో, ఏం అనుమానమమ్మా అది! పాలు ఇస్తే గ్లాసు మూడుసార్లు వాసన చూసేవాడు. "ఇవి మన ఆవు పాలేనా? మన ఆవైతే ఇవాళ నన్ను చూసి మొహం ఎందుకు తిప్పుకుంది?" అనేవాడు. దండం పెట్టినవాణ్ణి చూసి, "వీడు నిన్న పెట్టలేదే, ఇవాళ ఎందుకు పెట్టాడు?" అనేవాడు. కోటలో అందరూ వాడికి అనుమానాల రాజా అని పేరు పెట్టేశారు. వాళ్ళమ్మ కమలాదేవి మాత్రం, "పోనీలెండి, నా బిడ్డ కళ్ళు తెరుచుకుని పుట్టాడు" అని వెనకేసుకొచ్చేది.

ఆ కోటలో గురవమ్మవ్వ అని మందులు నూరే ముసలావిడ ఉండేది. మీనకేతుడు ఎప్పుడూ ఆవిడ దగ్గరే చతికిలబడేవాడు. ఎందుకు? ఆవిడ మందులో ఏం కలుపుతోందో కనిపెడదామని!

ఒకరోజు అవ్వ అంది, "ఒరే నాయనా, దగ్గు మందు చెయ్యాలి. సొంఠి మూడు పాళ్ళు, మిరియాలు రెండు పాళ్ళు. మొత్తం పొడి ఇరవై గరిటెలు కావాలి. సొంఠి ఎన్ని గరిటెలు వెయ్యమంటావు?"

"నాకేం తెలుసు? ఒక పాలు అంటే ఎంతో నువ్వు చెప్పలేదుగా. కావాలనే దాస్తున్నావు."

"నాకూ తెలీదురా! తెలియనిదాన్ని చూసి బెదరకూడదు. దాన్ని ఒక మూటగా కట్టెయ్యి. మూటలో ఎంతుందని ఇప్పుడే అడక్కు. సొంఠి మూడు మూటలు, మిరియాలు రెండు మూటలు, మొత్తం ఎన్ని మూటలు?"

"ఐదు."

"ఐదు మూటలూ కలిపితే ఇరవై గరిటెలు. అయితే ఒక్కో మూటలో?"

"నాలుగు!" అన్నాడు మీనకేతుడు. "అయితే సొంఠి పన్నెండు, మిరియాలు ఎనిమిది." అని ఊరుకున్నాడా? పన్నెండూ ఎనిమిదీ కలిపి ఇరవై అవుతుందో లేదో వేళ్ళ మీద మూడుసార్లు చూసుకున్నాడు. అప్పుడు గానీ వాడి మనసు కుదుటపడలేదు.

అవ్వ పొడిని పొట్లాలు కట్టింది. "కోటలో ఎనిమిదిమందికి దగ్గు, ఇచ్చిరా" అంది. మీనకేతుడు లెక్కపెట్టాడు. తొమ్మిది పొట్లాలు! వాడి కళ్ళు చిన్నవైపోయాయి.

"అవ్వా, ఎనిమిదిమందే అన్నావు. ఈ తొమ్మిదో పొట్లం ఎవరికి? ఏం కలిపావు ఇందులో?"

అవ్వ ఖళ్ ఖళ్ మని దగ్గి, "నాకురా, మొద్దబ్బాయీ! నాకు మాత్రం దగ్గు లేదూ? తన ప్రాణాన్ని తానే లెక్కవేసుకోకూడదు, దిష్టి తగిలి ఆయుష్షు తగ్గుతుంది. మా అమ్మ లెక్కవేసుకోలేదు, మా అమ్మమ్మ లెక్కవేసుకోలేదు" అంది. మేఘవరంలోనే కాదు, ఆ కాలంలో ఏడు సముద్రాల ఇవతలా అవతలా కూడా అదే ఆచారం. ఈ పొట్లం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇలా ఉండగా ఒకనాడు కొలువులోకి రాగిరంగు జడలున్న సాధువు ఒకడు వచ్చాడు. చేతిలో మామిడిపండంత కెంపు. "మహారాజా, ఏడు సముద్రాల అవతల చిలకల దీవిలో ఉంటాను. నా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పినవాడు నా తోటలో తనకు నచ్చింది కోరుకోవచ్చు. ఇలాంటి కెంపులు అక్కడ చెట్లకు కాస్తాయి" అన్నాడు.

"ఇన్ని కెంపులున్నవాడు ఇంత దూరం వచ్చి మనల్ని పిలవడమేమిటి?" అన్నాడు మీనకేతుడు. విన్నారా ఎవరైనా? వినలేదు. పెద్దవాడు బాకాలు ఊదించుకుంటూ వెళ్ళాడు. రాలేదు. పెద్దవాణ్ణి తెస్తానని రెండోవాడు వెళ్ళాడు. వాడూ రాలేదు. ఏడాది గడిచింది. రెండోవాడూ రానప్పటి నుంచే కమలాదేవి అన్నం మానేసింది. "నా బిడ్డలిద్దరూ ఇంటికొచ్చిననాడే మెతుకు ముడతాను" అని రెండు పళ్ళూ ఇంత మజ్జిగతో ఉండిపోయింది. ఆవిడ చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. అది చూసి మీనకేతుడు తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నేను వెళ్ళి ఇద్దర్నీ తీసుకొస్తాను" అన్నాడు.

"ఇద్దర్నీ తేవాలి నాన్నా. ఒకణ్ణి తెచ్చి ఇంకొకణ్ణి వదిలేస్తే నేను ఏ కంటితో ఏడవను, ఏ కంటితో నవ్వను?" అంది తల్లి.

సముద్రం ఒడ్డున వాడికి ఒక పెద్ద తాబేలు కనిపించింది. దాని వీపు వంటశాల అరుగంత ఉంది. "ఎక్కు, దాటిస్తాను" అంది తాబేలు.

"ఎందుకు దాటిస్తావు? నీకేంటి లాభం?"

"ఆ సాధువు సాధువు కాదు, తామ్రజటుడనే మాంత్రికుడు. వాడి దీవిలో నన్ను గుడ్లు పెట్టుకోనివ్వడం లేదు. వాడు పోతే నా ఇసుక నాకొస్తుంది. అయినా నీ మీద నాకూ అనుమానమే, మధ్యదారిలో నన్ను పులుసు పెట్టుకోవుగదా?"

ఈ మాటతో మీనకేతుడికి కాస్త ధైర్యం వచ్చింది. తనను అనుమానించేవాళ్ళంటే వాడికి గౌరవం. "ఎన్నాళ్ళ ప్రయాణం?" అన్నాడు.

"ఇరవై ఐదు రోజులు. ఈత మూడు పాళ్ళు, నిద్ర రెండు పాళ్ళు."

మీనకేతుడు మూటలు కట్టాడు. మూడూ రెండూ ఐదు మూటలు, మొత్తం ఇరవై ఐదు రోజులు, మూటకు ఐదు. ఈత పదిహేను రోజులు, నిద్ర పది రోజులు. సరిగ్గా అంతే లెక్కపెడుతూ కూర్చున్నాడు. పది రోజుల నిద్రా అయిపోయి పదకొండో రోజు కూడా తాబేలు కళ్ళు మూస్తుంటే, "ఏయ్! నీ నిద్ర మూటలు రెండూ నిన్నటితో ఖాళీ!" అని వీపు మీద టకటకా కొట్టాడు. పాపం తాబేలు గొణుక్కుంటూ ఈదింది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడు సముద్రాలూ దాటి చిలకల దీవి చేరారు.

దీవి మధ్యలో తోట. తోట చుట్టూ నిలువెత్తు బ్రహ్మజెముడు కంచె, చెయ్యి కూడా దూరదు. కంచె మీద ఒక ఉడుత తోక ఆడిస్తూ కూర్చుంది.

"నువ్వూ మూడు ప్రశ్నల కోసమే వచ్చావా? తిరిగి వెళ్ళిపో. ఓడినవాళ్ళందర్నీ చిలకలు చేసి చెట్ల మీద కూర్చోబెట్టాడు. మగవాళ్ళు పచ్చచిలకలు, ఆడవాళ్ళు తెల్లచిలకలు. ఎక్కడ కూర్చోబెట్టాడో అక్కడి నుంచి కదల్లేరు. ఒక్కో చిలక్కి వాడికి ఒక్కో ఏడాది ఆయుష్షు పెరుగుతుంది" అంది ఉడుత.

"మా అన్నలు?"

"మీసం దువ్వుకుంటున్నట్టు ముక్కు దువ్వుకునేది ఒకటుంది, మామిడి పైకొమ్మ మీద. గుర్రం ఎక్కినట్టు కొమ్మను కాళ్ళతో నొక్కిపట్టి కూర్చునేది ఒకటుంది, జామచెట్టు మీద."

అవి తన అన్నలే! మీనకేతుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకున్నాడు. తుడుచుకోగానే అనుమానం తిరిగి వచ్చింది. "నీకెందుకు నా మీద ఇంత ప్రేమ? వాడే నిన్ను పంపాడేమో!"

"నీ ఇష్టం, నమ్మకపో!" అని ఉడుత వెనక్కి తిరిగింది.

"ఉండుండు. లోపల ఎన్ని చిలకలున్నాయో చూసి చెప్పు."

ఉడుత లోపలికి దూరి వచ్చింది. "తెల్లవి ఇరవై ఒకటి. పచ్చవి ముప్పై ఆరు. పచ్చవాటిలో జామచెట్టు మీద ఇరవై. మామిడిచెట్టు మీద పైకొమ్మన తొమ్మిది, నడికొమ్మన ఒకటి, కింది కొమ్మన ఆరు" అంది. మీనకేతుడు మూడుసార్లు పంపాడు. మూడుసార్లూ అదే చెప్పింది.

మర్నాడు పొద్దున్నే తామ్రజటుడు వచ్చాడు, రాగిజడలు భుజాల మీద పాముల్లా వేసుకుని. నీళ్ళ తొట్టిలో చిల్లుగిన్నె వదిలాడు. "ఈ గిన్నె మునిగేలోగా జవాబు చెప్పాలి. రోజుకొక ప్రశ్న, మూడు రోజులు. గెలిస్తే తోటలో ఒక్క చిలుకను కోరుకో. ఒక్కటంటే ఒక్కటే! ఓడితే నువ్వే చిలుక. నేను లెక్కల్లో అబద్ధమాడినా, ఇచ్చిన మాట తప్పినా నా మంత్రం నాకే తగులుతుంది, కాబట్టి నిశ్చింతగా ఉండు" అన్నాడు.

ఒక్కటే! అన్నలేమో ఇద్దరు! మీనకేతుడి గుండెలో రాయి పడ్డట్టయింది.

"మొదటి ప్రశ్న. నా దగ్గర పచ్చచిలకలూ తెల్లచిలకలూ ఐదుకు మూడు పాళ్ళు. తెల్లవాటికన్నా పచ్చవి పద్నాలుగు ఎక్కువ. పచ్చవెన్ని?"

మీనకేతుడు మూటలు కట్టాడు. పచ్చవి ఐదు మూటలు, తెల్లవి మూడు మూటలు. ఎక్కువ ఉన్నవి రెండు మూటలు. రెండు మూటలు పద్నాలుగైతే మూట ఏడు. పచ్చవి ఐదేళ్ళ ముప్పై ఐదు, తెల్లవి మూడేళ్ళ ఇరవై ఒకటి.

ముప్పై ఐదా? ఉడుత ముప్పై ఆరు అంది కదా! గిన్నె సగం మునిగింది. ఉడుత అంకెను నమ్మాలా, మూటను నమ్మాలా? గిన్నె అంచు దాకా మునిగింది. "ముప్పై ఐదు!" అని అరిచాడు మీనకేతుడు.

"సరే, ఒప్పే" అన్నాడు మాంత్రికుడు పళ్ళు కొరుకుతూ.

వాడు అటు వెళ్ళాడో లేదో మీనకేతుడు ఉడుత మీద విరుచుకుపడ్డాడు. "నేను అనుకున్నంతా అయింది! నన్ను ముంచడానికే ఒకటి ఎక్కువ చెప్పావు!"

ఉడుత బావురుమంది. "వాడూ ఇదే అన్నాడు! నేను ఉడుతను కాదు, కుసుమపురం రాజు కూతుర్ని, చంపకవల్లిని. నన్నూ ఈ ప్రశ్నే అడిగాడు. నాకు పాళ్ళ లెక్క రాదు. కంచె సందులోంచి చూసి ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పాను, నడికొమ్మ మీది దాంతో సహా. తప్పు అన్నాడు. అని నవ్వాలి కదా? నవ్వలేదు. వాడి మొహం పాలిపోయింది. ఈ కళ్ళు తోట లోపల ఉండకూడదని నన్ను చిలుకను కూడా చెయ్యకుండా ఉడుతను చేసి బయట పడేశాడు. ఉడుతకు కంచె అడ్డం కాదన్నది వాడికి తట్టలేదు."

గెలిచినవాడి మొహం పాలిపోవడమేమిటి? మీనకేతుడి అనుమానం ఉడుత మీద నుంచి లేచింది కానీ ఎక్కడ వాలాలో దానికింకా తెలియలేదు.

రెండో రోజు మాంత్రికుడు గిన్నె వదిలాడు. "పచ్చచిలకలు జామచెట్టు మీదా మామిడిచెట్టు మీదా నాలుగుకు మూడు పాళ్ళుగా కూర్చున్నాయి. మామిడి మీద ఎన్ని?"

నాలుగూ మూడూ ఏడు మూటలు. ఏడు మూటలు ముప్పై ఐదు. మూటకు ఐదు. జామ మీద ఇరవై, మామిడి మీద పదిహేను. "పదిహేను" అన్నాడు మీనకేతుడు. మాంత్రికుడు విసురుగా వెళ్ళిపోయాడు.

మీనకేతుడు ఇసుకలో కూర్చుని గీతలు గీశాడు. తెల్లవి ఇరవై ఒకటి అంది ఉడుత. లెక్కా అదే అంది. జామ మీద ఇరవై అంది ఉడుత. లెక్కా అదే అంది. తేడా అంతా మామిడిచెట్టు మీదే, అదీ ఒక్కటే. అబద్ధం చెప్పేదైతే, వాడు ప్రశ్న అడగకముందే ఇన్ని నిజాలు ఎలా చెప్పగలిగింది? పైగా దానికి పాళ్ళ లెక్కే రాదాయె!

మూడో రోజు. గిన్నె నీళ్ళలో పడింది. "మామిడిచెట్టు మీద పైకొమ్మనా కింది కొమ్మనా ఉన్న చిలకలు మూడుకు రెండు పాళ్ళు. కింది కొమ్మన ఎన్ని?"

ఐదు మూటలు పదిహేను. మూటకు మూడు. పైన తొమ్మిది, కింద ఆరు. "ఆరు" అన్నాడు. అనగానే ఒళ్ళు జలదరించింది. పైన తొమ్మిదీ కింద ఆరూ పదిహేను. మరి నడికొమ్మ? వాడు నడికొమ్మ మాటే ఎత్తలేదు! అబద్ధం ఆడకూడని మాంత్రికుడు, చెట్టు మీదున్న చిలుకను చెట్టు లెక్కలోంచి ఎలా తప్పించాడు?

గురవమ్మవ్వ తొమ్మిదో పొట్లం కళ్ళ ముందు మెదిలింది.

"మూడూ ఒప్పే" అని మాంత్రికుడు కంచె తలుపు తెరిచాడు. మీనకేతుడు లోపలికి వెళ్ళాడు. పెద్దన్న పైకొమ్మ మీద ముక్కు దువ్వుకోవడం ఆపి చూస్తున్నాడు. చిన్నన్న జామచెట్టు మీంచి చూస్తున్నాడు. తామ్రజటుడు చంకలు గుద్దుకున్నంత పని చేశాడు. "ఊఁ, ఎవరు కావాలి? పెద్దన్నా, చిన్నన్నా? ఇంటికెళ్ళి మీ అమ్మకి ఏం చెప్తావు?"

మీనకేతుడు ఒకసారి పైకొమ్మ వైపూ ఒకసారి జామచెట్టు వైపూ చూశాడు. ఎవరి పేరు చెప్పినా ఒక అన్న తప్పకుండా దక్కుతాడు. నడికొమ్మ చిలుకను అడిగి తన ఊహ తప్పయితే ఇద్దరూ పోతారు, వాళ్ళతో పాటు అమ్మ కూడా. ఇన్నేళ్ళూ కన్నతల్లి ఇచ్చిన పాలు కూడా వాసన చూసి తాగినవాడు, ఇప్పుడు ఒక ఉడుత మాట మీద ఇంత బరువూ పెట్టాలి. కంచె వైపు చూశాడు. ఉడుత తోక ఆడించడం కూడా మానేసి చూస్తోంది.

"మీలో ఎవరూ వద్దు, నన్ను క్షమించండి అన్నయ్యలూ" అని, "నాకు నడికొమ్మ మీది చిలుక కావాలి" అన్నాడు.

మాంత్రికుడి రాగిజడలు బూడిదరంగుకు తిరిగాయి. "అదెందుకు? ముసలిది, మాట కూడా రాదు. ఇంకేదైనా కోరుకో, పోనీ మీ అన్నలిద్దర్నీ ఇచ్చేస్తా!"

"ఒక్కటే అన్నవాడివి ఇప్పుడు ఇద్దర్నీ ఎందుకిస్తున్నావయ్యా? అంత ముసలి చిలుకను నీ లెక్కలో ఎందుకు చెప్పలేదు?"

"తన ప్రాణాన్ని ఎవడైనా లెక్కలో వేసుకుంటాడా!" అని అరిచి, గబుక్కున నోరు మూసుకున్నాడు. ఇంకేం మూసుకుంటాడు, నా మొహం! అనాల్సిందంతా అనేశాడుగా.

ఇచ్చిన మాట తప్పితే మంత్రం తగులుతుంది. చేసేది లేక వేలు ఊపాడు. చిలుక ఎగిరి వచ్చి మీనకేతుడి చేతిలో వాలింది. వాడు మెడ దగ్గర వేలు పెట్టాడో లేదో, మాంత్రికుడు తన మెడ పట్టుకుని కూలబడ్డాడు. "బాబూ, చంపకు! అందర్నీ వదిలేస్తాను, ఒట్టు!"

"ఒట్లు నేను నమ్మను. ముందు వదులు."

ఒక్కో చిలుకా మనిషి అవుతుంటే మీనకేతుడు వేలు మడుస్తూ నిలబడ్డాడు. మగవాళ్ళు ముప్పై ఐదుమంది, ఆడవాళ్ళు ఇరవై ఒక్కరు. అన్నలిద్దరూ వచ్చి తమ్ముణ్ణి వాటేసుకున్నారు. పెద్దన్న మీసం ఇంకా దువ్వుకుంటూనే ఉన్నాడు.

"అయిపోయారు" అన్నాడు మాంత్రికుడు.

"అవలేదు. ఉడుత ఏది?"

"ఉడుత చిలకల లెక్కలో లేదుగా!"

"నా లెక్కలో ఉంది" అన్నాడు మీనకేతుడు.

ఉడుత కూర్చున్న చోట చంపకవల్లి నిలబడింది. "ఇప్పుడైనా నమ్ముతావా?" అంది. "నిన్ను మూడుసార్లు సరిచూశాను, నాలుగోసారి అక్కర్లేదు" అన్నాడు వాడు. ఆ మాట వాడి నోట రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. చిలుకను మాత్రం చంపలేదు, వదల్లేదు కూడా. బంగారు పంజరంలో పెట్టి వెంట తెచ్చుకున్నాడు. అది మేఘవరంలో జామపళ్ళు తింటున్నంత కాలం తామ్రజటుడు దీవిలో కుక్కిన పేనులా పడి ఉన్నాడు. తాబేలు వాడి ఎదురుగానే దర్జాగా గుడ్లు పెట్టుకుంది.

తాబేలు చుట్టాలందరూ వచ్చి అందర్నీ ఎవరి రాజ్యాలకు వాళ్ళను చేర్చారు. అన్నలు ఇల్లు చేరిన రోజే కుసుమపురం రాజుగారు చంపకవల్లిని మీనకేతుడికి సంతోషంగా కన్యాదానం చేశారు. పెళ్ళినాటి మధ్యాహ్నం కమలాదేవి కొంగు బిగించి, తన వాళ్ళకు తనే వడ్డిస్తానంది. అరిటాకులు వేసింది. రాజుగారికి, ముగ్గురు కొడుకులకు, కొత్తకోడలికి, గురవమ్మవ్వకు. అన్నం పెట్టింది, పప్పు వేసింది, నెయ్యి పోసింది. "తినండి నాన్నా" అంది.

మీనకేతుడు ముద్ద ఎత్తలేదు. కళ్ళు చిన్నవి చేసి ఆకులన్నీ లెక్కపెట్టాడు.

"మళ్ళీ మొదలెట్టాడు! అన్నంలో ఏం కలిపిందని నీ అనుమానం?" అన్నాడు పెద్దన్న.

"ఆకులు ఆరున్నాయి. మనం ఏడుగురం" అన్నాడు మీనకేతుడు. లేచాడు. ఒక ఆకు తెచ్చి తన పక్కన పరిచి, నీళ్ళు చల్లాడు. "అమ్మా, ఏడాది నుంచీ నువ్వు నీ లెక్కలో లేవు. కూర్చో."

"నేను తర్వాత..." అనబోయింది కమలాదేవి. వాడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. చంపకవల్లి వడ్డించింది. ఏడాది తర్వాత మొదటి ముద్ద నోట పెట్టుకుని ఆ తల్లి ఏడుస్తూ నమిలింది, నవ్వుతూ మింగింది.

ఆ తర్వాత రాజుగారు మీనకేతుడికే పట్టం కట్టారు. అన్నలిద్దరూ సంతోషంగా ఒప్పుకున్నారు. అంత సంతోషంగా ఎందుకు ఒప్పుకున్నారా అని వాడికి కొన్నాళ్ళు అనుమానం ఉండేది, అది వేరే సంగతి. వాడి కొలువులో ఎవరు ఏం లెక్క చెప్పినా, "చెప్పినవాణ్ణి కలిపావా?" అని అడిగేవాడు.

ఎన్నేళ్ళు ఏలాడంటారా? పట్టం కట్టుకున్ననాటి వయసూ, ఏలిన ఏళ్ళూ రెండుకు ఐదు పాళ్ళు. రెండూ కలిపితే డెబ్భై. మూట పది. ఇరవయ్యో ఏట ఎక్కి యాభై ఏళ్ళు చల్లగా ఏలాడు. నేను చెప్పకముందే యాభై అన్నవాళ్ళు ఎవరర్రా? చెయ్యెత్తండి, బెల్లం ముక్క పెడతాను. ఎంతమందో లెక్కపెట్టండి. ఆఁ, ఆఁ, నన్ను కూడా కలపండి!